నల్లపోగు

చౌటుప్పల్ షెడ్డు తాళం తీయంగనే
రెజిన్ వాసన ముక్కుల దూరుతది.
కిటికీ తెరిచి, చేతులకు తొడుగులు ఏసుకొని
నేను గాజు పోగుల కాడ కూసుంట.

పుట్టపాకల ఇరవయ్యారేండ్లు ఆసు పోసిన చెయ్యి ఇది.
ఒక్కొక్క చీరకు వేలసార్లు అటు, వేలసార్లు ఇటు.
నేనెన్నడు లెక్కపెట్టలే.
భుజం పెట్టుకున్నట్టుంది.

ఫర్హానా మేడం పనిల పెట్టుకునే నాడు
అడిగింది ఒక్కటే:
"పోగు తెగకుండ ముంచుడొస్తదా అక్కా?"
నాకు నవ్వొచ్చింది.

కానీ ఇది పత్తి గాదు, పట్టు గాదు.
ముడేస్తే పుటుక్కుమంటది.
వేలికి గుచ్చుకుంటే కంటికి కనబడది,
దురద మాత్రం పండుకునేదాక.

గిన్నెల సిరా చూసి మసి అన్న.
మసి గాదక్కా, కార్బన్ గొట్టాలు,
నీ వెంట్రుకను నిలువున వేలవేల పాయలు చీలిస్తే
అందుల ఒక్క పాయంత సన్నం, అన్నది.
చీల్చి చూడలే. నమ్మిన.

చిటికి కట్టేటప్పుడు
రంగు తాకొద్దన్న కాడ రబ్బరు చుట్టేటోళ్లం.
తెల్లగ మిగిలిందే పువ్వయ్యేది.
ఈడ తెల్లగ మిగిలితే తప్పు.
నలుపు తెగిన కాడ మాట తెగుతది.

ఆరిన నల్లపోగును
గాజుబట్ట పొరల నడుమ పండబెట్టి
రెజిన్ పోసి, లోపలి గాలి గుంజి
తెల్లారేదాక గట్టిపడనిస్తం.
గాలిమర రెక్కల నుంచి జానెడు ముక్క అనుకోరాదు.
రెండు కొసలకు వెండి లేపనం, రెండు తీగలు, ఒక మీటరు.

ఓములు, అన్నది మేడం.
మొదట మంత్రమనుకున్న.
కరెంటు నడవనీకి ఎంత తిప్పలైతుందో చెప్పే లెక్కనట.

"స్లాబు పోసేనాడు చూసినవు గద,
తట్టలు చేతికి చేయి అందిస్తరు.
మనుషులు ఎడం జరిగితే?"
ఇసిరెయ్యాలె, అన్న.
"గంతే. పోగు సాగితే గొట్టాలు ఎడమైతయి,
కరెంటు దుంకాలె.
ఓములు పెరుగుతయి."

మొన్న బుధారం
మిషిను దవడల పెట్టి ముక్కను గుంజినం.
నాలుగువందల పన్నెండు.
పద్దెనిమిది.
ముప్పై ఒకటి.
ఇగ చాలని బరువు దించినం.
అంకె దిగింది దిగింది
నాలుగువందల పంతొమ్మిది కాడ కూసుంది.

మీటరు ఖరాబైంది, అన్నడు లింగస్వామి.
ముక్కను ఎండకు పట్టి చూసిన. గీత లేదు.
బొటనవేలితో నిమిరిన,
అచ్చులో పోగు సడలితే కండ్లు మూసుకొని పట్టేది ఈ వేలే.
దానిక్కూడ దొరకలే.

మేడం ఏమనలే.
రంపంతో కోసి, భూతద్దం కింద పెట్టి
నన్ను పిలిచింది.
రెండు పొరల నడుమ, కడుపుల,
చీమ నడిచిపోయిన జాడంత పగులు.

నల్గొండల డాక్టరు
నా భుజం ఫోటోను లైటుకు పెట్టి
ఏమ్లేదమ్మా, మంచిగనే ఉంది, అన్నడు నిరుడు.
మా ఆయన గూడ ఆ మాటే పట్టుకున్నడు.
మంచిగనే ఉన్న చెయ్యి
పై అరల ఉప్పు డబ్బాను అందుకోదు.
ఆసు మానేసి మూడేండ్లాయె.
బరువు దించినంక గూడ దిగని ఏడు ఓములు
ఎవరి రిజిస్టర్ల రాయాలె?

మేడంకు ఇదంత చెప్పలే.
ఊకెనే భూతద్దంల ఇంకొంచెం సేపు చూసిన.
కోసినందుకు ఆ ముక్క మీద పాపమనిపించింది,
కోయకపోతే ఎవరు నమ్ముదురు అని గూడ అనిపించింది.

రిజిస్టర్ల కొత్త గడి గీసినం:
"బరువు దించినంక."
నా రాత వంకర, అంకె మాత్రం నిటారు.

రేపటికి ఇంకో ఆరు ముక్కలు కావాలట.
గిన్నెను ఈ పక్కకు జరుపుకున్న.
ఎడమ చేత్తోని ముంచుడు నేర్చుకుంటున్న.